ఖాదర్‌బీ మల్లెతోటకు పారిన నీళ్లు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, రోడ్డుకు దిగువన ఉన్న అరెకరం మల్లెతోట ఖాదర్‌బీది. ఆమెకు ఆ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో కలువాయి వైపు తోటల్లో కూలికి పూలు కోస్తూ, కొమ్మలు కత్తిరించేవాళ్ల చేతులు చూసింది. తరవాత సొంతంగా వేసి, రెండుసార్లు తోటను చంపుకుని, మూడోసారి బతికించుకుంది.

మల్లెను బుజ్జగిస్తే పూయదు. డిసెంబరు వానలు వెనకబడగానే ఆమె నీళ్లు ఆపేస్తుంది. నెల పైన ఎండబెడుతుంది. నేల నెర్రెలిచ్చాక గొర్రెలను తోలి ఆకు మేపిస్తుంది. మోకాలి ఎత్తుకు మించిన ప్రతి కొమ్మనూ నరికేస్తుంది. చావు అంచుదాకా తీసుకుపోయిన చెట్టుకు అప్పుడు ఎరువు, నీళ్లు. ఇక చిగురు చిగురుకూ మొగ్గే. ఆ ఎండబెట్టే నెలలో తడి తగిలిందా, చెట్టు ఆకు తొడుక్కుని కూర్చుంటుంది. మార్చి పూలు పోయినట్టే. ఆమె ఇల్లు ఏడాదంతా నడిచేది ఆ పూల మీదే.

నీళ్లు పక్క చేను శీనయ్య బోరువి, తడికింతని డబ్బుకు. అతను ఆ చేనుకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అతను వరి మనిషి. మడిలో తడి ఆరితే అతనికి అన్నం సహించదు.

మొన్న జనవరిలో అక్క కూతురి నిఖాకని ఖాదర్‌బీ కొండాపురం పోయింది. మూడో రోజు పొద్దున బస్సు దిగి గట్టెక్కేసరికి, పన్నెండు సాళ్లలో ఆరు నీళ్లతో మెరుస్తున్నాయి. శీనయ్య పారతో ఏడో సాలుకు మడవ తిప్పుతున్నాడు.

“వచ్చినావా,” అన్నాడు నవ్వుతూ. “నెలైంది, నువ్వు నీళ్లు అడగలా. చెట్లు మాడిపోతాండాయి. చూడలేక వదిలినా. దీనికేం ఇయ్యొద్దులే.”

ఆమె పార లాక్కుని, కర్ర వైపు తిప్పి అతని నొసటి మీద కొట్టింది. చర్మం చిట్లింది. రెండో దెబ్బ భుజాన పడింది. శీనయ్య బురదలో కూలబడుతూ ఆమె కాలు పట్టి లాగాడు. ఇద్దరూ సాల్లో దొర్లారు. ఆమె అతని చెవి కొరికింది. అతను ఆమె కుడి మణికట్టు మెలిపెట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది.

“పిచ్చి పట్టిందా మే నీకు? నీళ్లు పెడితే చంపుతావా?”

“నీళ్లు పెట్టే చంపినావు కదరా. నేను ఎండబెట్టుకుంటాండాను. ముందు వాల్వు కట్టు.”

నెత్తురు కంట్లోకి కారుతుంటే తడుముకుంటూ పోయి కట్టాడు. ఆత్మకూరులో ఏడు కుట్లు వేశారు. కేసు పెట్టమంది అతని భార్య మాధవి.

“ఏమని పెట్టేది? నీళ్లు పోస్తే కొట్టిందని చెప్పుకుంటే స్టేషన్లో నవ్వుతారు,” అన్నాడు.

ఖాదర్‌బీ ఆసుపత్రికి పోలేదు. మణికట్టుకు చీర పేలిక బిగించి, నిలిచిన నీళ్లకు గండి కొట్టింది. బురద ఆరాక, తడిసిన ఆరు సాళ్లలో ప్రతి చెట్టు చుట్టూ ఎడమచేత్తో గడ్డపార దించి, పైవేళ్లు తెంచి, మిగిలిన వేళ్లను ఎండకు పెట్టింది. అప్పటికే లేత చిగురు లేస్తోంది. గుప్పెట్లకు గుప్పెట్లు దూసి పారేసింది. పొడి సాళ్లను మామూలుగా మేపించి కత్తిరించింది. ఆమె చేయి వంకరగా అతుక్కుంది.

మార్చిలో పొడి సాళ్లు విరగబడి మొగ్గ తొడిగాయి. తడిసినవాటిలో రెండు పల్చగా పూశాయి. నాలుగు సాళ్లు నిలువునా ఎండిపోయాయి.

ఆ నాలుగింటినీ పెకలించడానికి ఆమె గడ్డపార పట్టుకున్న రోజు శీనయ్య గట్టు మీద నిలబడ్డాడు.

“నా నీళ్లకు పోయినాయా, నీ గడ్డపారకు పోయినాయా?”

ఆమె ఒక మోడును పట్టి ఊపి చూసింది.

“నీ నీళ్లకు పూలు పోయుండేవి. చెట్లు పోయింది నా గడ్డపారకే. వేళ్లు ఎక్కువ తెంచినాను. కోపంలో లోతు తెలియలా.”

“ఆ చేత్తో ఏం పీకుతావు? ఇట్టా ఇయ్యి.”

“ఇయ్యను. నువ్వు పీకితే పక్క సాలు వేళ్లు తెగుతాయి. నా చెట్ల జోలికి రాబాక.”

శీనయ్య నొసటి మచ్చ తడుముకుని మడి వైపు నడిచాడు. ఖాదర్‌బీ పక్క సాలుకు జానెడు ఎడం కొలుచుకుని, మొదటి మోడు కింద గడ్డపార దించింది.