రాకెట్‌ను తిరిగి దించిన మాస్టారు

చౌడప్ప మాస్టారు పరమపదించారని మొన్న గురువారం ఉదయం రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో తెలిసింది. ఆ మరణంలో నా పాత్ర కూడా ఉందన్న భయం ఇంకా వదలలేదు.

ఆయన నాకు ఇంగ్లీషు నేర్పిన గురువులు. మా ఊరి బంగారు గనులు నడిచిన రోజుల్లో, కోరమండల్ గని దగ్గరి ఒక క్లబ్బు హాల్లో ఆదివారాలు పాత ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. తెర పక్కన మైకు పట్టుకుని కథను తెలుగులో చెప్పేది మాస్టారే. గంభీరమైన కంఠం, తడబాటెరుగని వాక్కు. జనం పదేపదే అడిగి వేయించుకున్నది ఒక్కటే: ఐదుగురు మనుషులు రాకెట్టెక్కి అంగారక గ్రహానికి పోయే సినిమా. అక్కడ నేల నోరు తెరుస్తుంది. చివర ఆకాశంలో రాకెట్ మాత్రం కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. “ఐదుగురూ క్షేమంగా ఇండ్లకు చేరినారు,” అని మాస్టారు ముగించేవారు. ఆ మాట వింటేగానీ ఆడవాళ్ళు లేచేవారు కారు. వాళ్ళ భర్తలు ఆ వేళకు ఆదివారం షిఫ్టులో, గనిలో ఉండేవారు.

మా నాన్న గనిలో బండ పేలి లోపలే ఉండిపోయాడు. శవమూ దక్కలేదు. ఆ తర్వాత కూడా అమ్మ ఆ సినిమా ఒక్క ఆట మానలేదు. సినిమా పిచ్చి అనుకున్నాను.

పోయిన వేసవిలో ఆ సినిమా నా ఫోన్లో దొరికింది. ఆఖరి మాటలు చెవులు రిక్కించి విన్నాను. ఆ ఐదుగురిలో ఎవరూ తిరిగి రారు. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆండర్సన్‌పేట వెళ్ళి మాస్టారిని నిలదీశాను. ఆయన గొంతు తగ్గించి అన్నారు:

“అప్పుడు మొగోళ్ళు కింద గనిలో ఉండిరి. వాళ్ళ పెండ్లాలకు ఎట్ల చెప్పేదప్పా?”

“ఇప్పుడు గనులే లేవు గదా సార్. నిజం చెప్పేయండి,” అన్నాను.

పోయిన నెల నేనే హాలు మాట్లాడి ఆట వేయించాను. పాతికమంది ముసలివాళ్ళు వచ్చారు. ముందు వరసలో అమ్మ. చివర రాకెట్ కనిపించగానే మాస్టారు మైకు దగ్గరకు తీసుకున్నారు.

“ఎవురూ రాలేదమ్మా. ఇన్నేండ్లూ అబద్ధం చెప్పినాను. మన్నించండి.”

అమ్మ కూర్చున్నచోటి నుంచే అంది: “మాకు తెలీదా సార్? బొమ్మ మాకూ కనపడతా ఉండె గదా. వచ్చినారని చెప్పేదానికి మీరొక్కరే ఉంటిరి. ఇంగ మాకెవరు చెప్తారు?”

ఆ రోజు నుంచి మాస్టారు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం సయించలేదు. మూడు వారాలకు పోయారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

గురువర్యా, మీరు నేర్పిన భాషతోనే మీ గొంతు నొక్కేశాను. మీ పాదాలకు నమస్కరించే అర్హత నాకు లేదు, అయినా నమస్కరిస్తున్నాను. మీ లోటు ఈ ఊళ్ళో ఇక ఎవరూ తీర్చలేరు. మట్టి వేసి ఇంటికి వచ్చాక అమ్మ నా కంచం నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులైంది, నాతో ఒక్క మాటా లేదు.