ఒంటికి ఆగిన బస్సు

నందికొండ డ్యాం కడుతున్న రోజులవి. సూర్యాపేటలో పట్నం బస్సెక్కాను. మూత్రసంచి కింది గ్రంథిలో క్యాన్సర్ ఉందని, కోసి తీయాలని డాక్టరు చెప్పాడు. ఇంట్లో మాత్రం కోర్టు పని అన్నాను. ఎక్కడి జబ్బని చెప్పను?

నకిరేకల్ దాటేసరికి పొత్తికడుపులో మంట మొదలైంది. పళ్ళు బిగించి కూర్చున్నాను. కట్టంగూరు దగ్గర నా ముందు సీట్లో గొంగడి కప్పుకున్న ముసలాయన భార్య లేచి అరిచింది.

"ఓ డ్రైవరు బిడ్డా, జర ఆపు! మా ముసలాయినకు ఒంటికి వస్తాంది. లోపల గడ్డయింది, కోయించెటందుకు దవాఖానకు పోతున్నం."

బస్సంతా నవ్వింది. ముసలాయన కూడా నవ్వుతూ ఆమె భుజం పట్టుకుని దిగాడు. నాకు కడుపు మండిపోయింది. ఇద్దరిదీ ఒకటే జబ్బు, భయం మాత్రం ఆయనకు సగమే. మా ఆవిడను ఇంట్లో వదిలి వచ్చింది నేనే అయినా, కోపం ఆ ముసలాయన మీదికే పోయింది.

ఆయన వెనకే దిగి తుమ్మచెట్టు చాటుకు పోయాను. ఎంతకూ రాదు. ముసలాయన పని ముగించుకుని బస్సెక్కాడు. డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె పోయి బస్సుకు అడ్డంగా నిలబడింది.

"నిమ్మలంగ కానియ్యన్నా! నిన్ను ఇడిసిపెట్టి బస్సు ఎట్ల పోతదో నేను చూస్త."

పట్నంలో వాళ్ళిద్దరూ రిక్షా ఎక్కి దవాఖాన దిక్కు పోయారు. ఆమె చెయ్యి ఆయన వీపు మీద ఉంది. నేను తిరుగు బస్సెక్కాను.

ఆ వారంలోనే మళ్ళీ అదే దారిన వచ్చాను. కట్టంగూరు ఇంకా రానే లేదు, పక్కన కూర్చున్న మా ఆవిడ లేచి అరిచింది.

"ఆపుండ్రి!"