తుపాకి మాస్టారి హాజరు పట్టీ

మా సోర్‌వెల్ ఊళ్ళో వెల్డన్ స్టకీ దగ్గర తుపాకి పట్టడం నేర్చుకోని మనిషి లేడు. పాస్టరుగారు నేర్చుకున్నారు, మందుల షాపాయన నేర్చుకున్నాడు, చర్చిలో పియానో వాయించే ఎనభై ఏళ్ళ డెల్ఫీనా ట్రెవీనో కూడా నేర్చుకుంది. నేనైతే రెండుసార్లు నేర్చుకున్నాను, ఎందుకంటే మొదటిసారి తప్పాను. అట్టబొమ్మకి తగలాల్సిన గుండు మాస్టారి బండి అద్దానికి తగిలింది. ఆయన కోప్పడలేదు.

"నెల్డా, జుట్టు కత్తిరించేప్పుడు కూడా నువ్విలాగే కళ్ళు మూసుకుంటావా?" అన్నాడంతే.

ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి నెలా రెండో శనివారం అగ్నిమాపక దళం హాల్లో ఆయన పాఠం ఉండేది. హాజరు పట్టీ తీసి ఇంటిపేర్ల వరసలో పిలిచేవాడు. "ఉన్నాను మాస్టారూ" అనాలి. "ఆఁ" అంటే మళ్ళీ పిలిచేవాడు. ఆ తర్వాత టెక్సస్ ప్రభుత్వం, తుపాకి వెంట పెట్టుకోవడానికి లైసెన్సూ అక్కర్లేదు, పాఠమూ అక్కర్లేదు అనేసింది. ఆ నెల మాస్టారు ముప్ఫై కుర్చీలు వేసుకుని మధ్యాహ్నం దాకా ఒక్కడే కూర్చుని, కుర్చీలు మడిచి ఇంటికెళ్ళాడు. మరుసటి నెలా అంతే. నాకు ఒళ్ళు మండేది, ఆయన మీద కాదు, మా ఊరి మీద. అలాగని నేను మాత్రం వెళ్ళానా? వెళ్ళలేదు.

ఆయన భార్య ఎర్లీన్ ప్రతి శుక్రవారం నా సెలూన్‌కి తల కడిగించుకోడానికి వస్తుంది. తల నీళ్ళ కింద పెట్టిందంటే ఇక ఆవిడ నోరు ఆగదు. ఒక శుక్రవారం అలాగే అసలు సంగతి బయటపెట్టింది. మాస్టారి చేతులు వణుకుతున్నాయట. మార్చి నెలలో తుపాకి తుడుస్తుంటే అది పేలి ఫ్రిజ్‌కి కన్నం పడిందట.

"లోపల పాల డబ్బా కూడా పోయింది నెల్డా! గుండ్లు తీసి తుడవాలని ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి! తుపాకి లాక్కుని కుట్టుమిషను డబ్బాలో పెట్టి తాళం వేశాను. ఇక చూడు, నడుముకి ఖాళీ ఒర కట్టుకుని ఊళ్ళోకెలా వెళ్ళనూ అని ఒకటే గొడవ. చివరికి అందులో కళ్ళజోడు పెట్టె దూర్చుకుని తిరుగుతున్నాడు."

"కళ్ళజోడు పెట్టా?"

"చొక్కా పైకి వదిలేస్తే అచ్చం తుపాకిలాగే ఎత్తుగా ఉంటుంది. ఎవరికైనా తెలిసిందంటే ఊరొదిలి పోతానంటున్నాడు. ఎవరికీ చెప్పకే తల్లీ!"

చెప్పనన్నాను. నిజంగానే చెప్పలేదు. నా జీవితంలో కడుపులో దాచుకున్న రహస్యం అదొక్కటే.

అక్టోబరులో మా ఊరి చిల్లీ పోటీ వచ్చింది. చిల్లీ అంటే గొడ్డుమాంసం, ఎండుమిరపకాయలు. అందులో చిక్కుడు గింజలు వేసినవాణ్ణి మేం మనుషుల్లో లెక్కపెట్టం. ఈ ఏడు రుచి చూసి తీర్పు చెప్పే పని మాస్టారిది. ఆరు నెలల కిందట ఒహాయో నుంచి వచ్చి స్థిరపడిన బ్రెంట్ అనే అతను కూడా ఒక గిన్నె పెట్టాడు. మాస్టారు గరిటె ముంచి పైకి తీస్తే అందులో నాలుగు గింజలు.

"నాయనా, ఇది సూపు. సూపు పోటీ మా ఊళ్ళో లేదు" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బ్రెంట్ మొహం కందగడ్డ అయింది.

పాస్టరుగారి గిన్నెకి మొదటి బహుమతి అని మైకులో చెబుతున్నారు. జనమంతా వేదిక వైపు తిరిగి ఉన్నాం. వెనకాల పొయ్యిల దగ్గర ధన్ ధన్‌మని రెండుసార్లు తుపాకి పేలింది.

అప్పుడు మా ఊరంతా మాస్టారు నేర్పినట్టే చేసింది. ముందు దేని చాటుకైనా నక్కాలి, తర్వాత తుపాకి తీయాలి, గట్టిగా హెచ్చరించాలి. తలెత్తి చూస్తే ముప్ఫై మంది ముప్ఫై బల్లల చాటున, ముప్ఫై తుపాకులు పట్టుకుని, "తుపాకి కింద పడెయ్!" అని ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. కాల్చినవాడెవడో ఎవరికీ తెలియదు. మిఠాయిల బల్ల కింద నేను, నా చేతిలో నా తుపాకి. పాస్టరుగారు మందుల షాపాయనకి గురిపెట్టారు, షాపాయన పాస్టరుగారికి గురిపెట్టాడు. వాళ్ళిద్దరికీ పాతికేళ్ళ స్నేహం.

అంతలో పోలీసు బండి వచ్చింది. దిగినవాడు డెల్ఫీనా మనవడు రూబెన్. వాడూ మాస్టారి శిష్యుడే. పాపం, తుపాకి ఎవరి వైపు తిప్పాలో తెలియక గిర్రున తిరుగుతున్నాడు.

"అందరూ తుపాకులు దించండి! నానమ్మా, నువ్వు కూడా!"

"ముందు వాళ్ళని దించమను. నేను పెద్దదాన్ని!"

"నేను పోలీసుని నానమ్మా!"

"అయితే ఏంటి?"

నవ్వు రావాల్సిన మాటలే. ఎవరికీ నవ్వు రాలేదు. ఒక్క చెయ్యి జారితే చాలు, పదిమంది పోతారు. అది అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ముందు దించడం లేదు.

అప్పుడు బయలు మధ్యలో వెల్డన్ మాస్టారు లేచి నిలబడ్డాడు. నెమ్మదిగా చొక్కా ఎత్తి, చెయ్యి ఒర మీదకి పోనిచ్చాడు. కదిలినవాడు ఆయనొక్కడే కాబట్టి ముప్ఫై తుపాకులూ ఆయన మీదకి తిరిగాయి.

"మాస్టారూ, వద్దు! చెయ్యి తీసెయ్యండి!" రూబెన్ అరిచాడు.

"నేను చేసి చూపిస్తే తప్ప మీకేదీ రాదురా" అన్నాడాయన. రెండు వేళ్ళతో నల్లటి పెట్టె బయటికి లాగాడు. చెయ్యి ఎంతగా వణికిందంటే ఆ పెట్టె టపటప కొట్టుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, తెరిచి, కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"చూశారుగా. మార్చి నుంచి నా ఒరలో ఉన్నది ఇదే. చేతులు వణుకుతున్నాయని ఎర్లీన్ తుపాకి లాక్కుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నవ్వుకున్నాక మీవి కూడా ఇక్కడ పెట్టండి."

ఎవరూ నవ్వలేదు. ఆయన హాజరు పిలవడం మొదలుపెట్టాడు. పట్టీ లేదు, అంతా నోటికే వచ్చు. పేరు వినబడినవాళ్ళు "ఉన్నాను మాస్టారూ" అని లేచి, మొక్కజొన్న రొట్టెల పళ్ళాల మధ్య తుపాకి పెట్టి పక్కకెళ్ళారు. డెల్ఫీనా "ఆఁ" అంది. ఆయన మళ్ళీ పిలిచాడు. రూబెన్ కూడా కంగారులో తన తుపాకి తెచ్చి పెట్టబోయాడు.

"నువ్వు కాదురా. తుపాకి పట్టుకోడానికే నీకు జీతమిస్తున్నారు."

పేర్లన్నీ అయ్యాక పొయ్యిల దగ్గర ఒక్కడే మిగిలాడు. వెనకాల పాస్టరుగారి గిన్నె రెండు కన్నాల్లోంచీ కారిపోతోంది. బ్రెంట్ మాతోపాటే "తుపాకి పడెయ్" అని అరుస్తూ ఉన్నాడట. ఇప్పుడు ఏడుస్తున్నాడు.

"నీ పేరు నా పట్టీలో లేదు నాయనా."

"నేర్చుకోలేదు సార్. ఇప్పుడు అక్కర్లేదన్నారు. గిన్నెనే కాల్చాను సార్, మనుషుల్ని కాదు."

"అది కూడా ఇక్కడ పెట్టు."

పెట్టాడు. రూబెన్ బేడీలు వేశాడు. బల్ల మీదవన్నీ సాక్ష్యం కింద పోలీసులు పట్టుకెళ్ళారు, కళ్ళజోడు పెట్టెతో సహా. దానికి కూడా చీటీ కట్టారు.

తర్వాతి వారం మాస్టారు జుట్టు కత్తిరించుకోడానికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. సగం కత్తిరించాను. ఇక నావల్ల కాలేదు.

"మాస్టారూ, ఆ రోజు నా తుపాకి కూడా మీ మీదే ఉంది."

"చూశాను."

"మీ ఒరలో ఏముందో నాకు తెలుసు. ఎర్లీన్ చెప్పింది. ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. అయినా మీరు చొక్కా ఎత్తగానే నా వేలు ట్రిగ్గరు మీదకి పోయింది. ఇంకొంచెం నొక్కితే..."

ఆయన అద్దంలో నన్ను చూశాడు.

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"అయితే నాకేం కాదులే. నా బండి అద్దం పోయుండేది."

నవ్వాను, ఏడ్చాను, కత్తెర కింద పెట్టేశాను. ఆయన సగం కత్తిరించిన తలతోనే ఇంటికెళ్ళాడు. రెండో శనివారం అదే తలతో హాల్లో నిలబడ్డాడు. కుర్చీలు చాలక వెనకాల గోడ పొడుగునా జనం నిలబడ్డారు. ఆయన వణికే చేత్తో పట్టీ పట్టుకుని నా పేరు పిలిచాడు.

"ఉన్నాను మాస్టారూ" అన్నాను.