ఏసోబు బాబాయ్ నిలువు అక్షరాలు

నిన్న పొద్దున షాపు షట్టర్ తీస్తుంటే బాబాయ్ కూతురు మేరీ ఫోన్.

"అన్నా, నాన్న లేడు" అంది.

"ఎక్కడికెళ్లాడు?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

టీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. గుండె. అంతే.

ఇంకా షాక్‌లోనే ఉన్నాను. ఏం రాస్తున్నానో నాకే తెలియట్లేదు.

మాచర్లలో బోర్డులు రాసే ఏసోబు బాబాయ్ మా సర్కిల్‌లో అందరికీ తెలుసు. చుట్టం కాదు, మా వీధి బాబాయ్. నేను ఫ్లెక్స్ షాపు పెట్టి ఆయన పని లాగేసుకున్నాను. అయినా పక్కన కూర్చోబెట్టుకుని నాకు అక్షరం నేర్పింది ఆయనే.

ఆ ఎరువుల కొట్టు బోర్డు గుర్తుందా?

కొట్టు వెడల్పు ఒక్క షట్టరంత. ఓనరేమో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, తన పేరు, వాళ్ల నాన్న పేరు, అన్నీ ఒకే వరుసలో కావాలన్నాడట. బాబాయ్ మన గుండ్రటి అక్షరాలను పక్కల నుంచి నొక్కి, ఎత్తుగా, లావుగా నిలబెట్టాడు. ఎర్ర రంగు, నల్ల నీడ. కదిలే బస్సులోంచి కూడా చదవొచ్చు.

ఏళ్ల ఎండకు ఆ ఎరుపు పెచ్చులూడి, కింద రేకు కనపడేది. నాకు ఆ పాత లుక్ పిచ్చిగా నచ్చింది. అలాగే ఫాంట్ చేద్దామని సగం బోర్డుకి ఫొటోలు తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో బాబాయ్‌కి చూపించాను. మురిసిపోతాడనుకున్నాను.

ఆయన ముఖం మాడిపోయింది.

"ఏందిరా ఇది? నా బోర్డు ఇంత పాడైందా? నాకొక మాట చెప్పొద్దూ?"

మర్నాడు మిగతా ఫొటోల కోసం వెళ్తే బాబాయ్ నిచ్చెన మీద ఉన్నాడు. ఎవరూ అడక్కుండానే రంగు డబ్బాలు తెచ్చి బోర్డంతా కొత్తగా దిద్దేశాడు!

నడిరోడ్డు మీద అరిచేశాను. "డిజైన్ అంటే నీకేం తెలుసు బాబాయ్? మొత్తం చెడగొట్టావు!"

"ఇప్పుడు చానా బాగుంది కదరా" అన్నాడు, నా కోపం అర్థంకాక. బ్రష్ గుడ్డతో తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అది రెండు వారాల కిందట. ఆదివారం చర్చి అయ్యాక వెళ్లి తప్పయిందని చెబుదాం అనుకున్నాను.

వెళ్లలేదు. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆయన శ్రద్ధాంజలి ఫ్లెక్స్ నేనే చేయాల్సి వచ్చింది. సగం చేసిన ఆ పెచ్చుల ఫాంట్‌తోనే పేరు కొట్టాను. ఆయన అక్షరాలే కదా, గౌరవంగా ఉంటుందనుకున్నాను. వాళ్లింటికెళ్లి ఫోన్‌లో పిన్నికి చూపించాను.

పిన్ని ఏడుపు ఆపి చూసింది. "ఆయన పేరు అట్టా పెచ్చులూడినట్టు పెడతావా అయ్యా? చూస్తే ఊరుకుంటాడా?"

షాపుకి తిరిగొచ్చి కూర్చున్నాను. ఆయన పేరులో ఊడిన ప్రతి చోటా ఎరుపు నింపాను. ఎక్కడా రేకు కనపడనివ్వలేదు.

ఆ ఫ్లెక్స్ ఇప్పుడు మీ ఇంటి ముందే ఉంది బాబాయ్. సాయంత్రం నిన్ను అక్కడి నుంచే సమాధుల తోటకు తీసుకెళ్తాం.

నువ్వన్నదే నిజం. ఇప్పుడు చానా బాగుంది.

నిచ్చెన దిగు బాబాయ్, ఇక చాలు. ప్రభువు దగ్గర నెమ్మదిగా కూర్చో.