వీధిలో పొద్దుటి ఎండ

మా వీధి తూర్పు చివర ఉన్న ఖాళీ స్థలంలో పెద్ద కట్టడం వస్తుందని తెలిసినప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది మా అత్త. కింద దుకాణాలు, మధ్యలో కొండ మీది గుడికి వచ్చే భక్తులకు లాడ్జి, పైన కాపురాలకు ఇళ్లు. తిరుత్తణిలో అప్పటికి అలాంటిది లేదు. "ఉప్పుకీ పప్పుకీ బజారుదాకా పోయే పని ల్యా ఇంక" అని ఆమె మురిసిపోయింది.

మాది నేతగాళ్ల వీధి. తెల్లవారకముందే పడుగును వీధి పొడవునా కర్రల మీద చాచేవాళ్లం. పడుగంటే మగ్గం మీద నిలువుగా ఎక్కే నూలు. మా ఇళ్లలో అరవం కలిసిపోయి దాన్ని పావు అనేవాళ్లం. దానికి గంజి పట్టించి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నడుస్తూ కుంచెతో దువ్వేవాళ్లు. తూర్పు నుంచి లేత ఎండ వీధి వెంట నేరుగా వచ్చి దాన్ని నిదానంగా ఆరబెట్టేది. మధ్యాహ్నపు ఎండ దీనికి పనికిరాదు. నూలు పెళుసెక్కి మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. పైగా పొద్దెక్కితే రోడ్డు జనానిది. కాబట్టి ఆ లేత ఎండే మా కూడు. కట్టడం సరిగ్గా దాని దారిలోనే లేస్తుందని మొదట తట్టింది మా మామకు. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, "ఇంక పొద్దు మనకు యాడ కనిపిస్తాది?" అన్నాడు. అత్త ముఖం మాడిపోయింది.

పర్యావరణం అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. అయినా ఆ కట్టడం వల్ల చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది ఏమైనా ఉంటుందేమో చూడడానికి తిరువళ్ళూరు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడని బంట్రోతు చెప్పిపోయాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. కళ్లతో చూస్తే ఆయనకే అర్థమవుతుంది కదా!

ఇక మా వాళ్ల మర్యాద చూడాలి. అంత పెద్దాయన వస్తుంటే పావు అడ్డంగా ఉంటే జీపు ఎట్లా వస్తుంది? ఆ రోజు వీధి వీధంతా పని మానేసింది. కర్రలు పీకి దొడ్లో పడేశారు. రోడ్డు మీద ఏళ్ల తరబడి పేరుకున్న గంజి మరకలు రుద్ది రుద్ది కడిగారు. మేము ఆడవాళ్లం పేడనీళ్లు చల్లి, పెళ్లివారు దిగుతున్నట్టు ముగ్గులు వేశాం. మగవాళ్లు ఉతికిన పంచెలు కట్టారు. ఆయన ఏది చూడాలని వస్తున్నాడో దాన్నే మేమంతా కలిసి ఎత్తి దాచేస్తున్నామని ఒక్కరికీ తోచలేదు. తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆఫీసరు మధ్యాహ్నం దిగాడు. మంచి మనిషే. కుర్చీ వేసి సోడా ఇచ్చారు. బావి గురించి, మురుగుకాలువ గురించి, చెట్ల గురించి అరవంలో ఓపిగ్గా అడిగాడు. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. మామ చేతులు కట్టుకుని, మాకు ఎండ పోతుంది స్వామీ అన్నాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ, "ఈ ఎండ చాలదా మీకు? కాస్త నీడ వస్తే మంచిదే కదా" అని నవ్వాడు. ఆయన నవ్వాడని మా వాళ్లూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఇంటికి వచ్చిన మనిషి నవ్వుతుంటే మనం ముఖం ముడుచుకుంటే బాగుండదట! నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అంతమంది పెద్దవాళ్ల మధ్య కోడలు నోరు తెరిచే రోజులు కావవి. ఇంత శుభ్రమైన వీధిని తానెక్కడా చూడలేదని మెచ్చుకుని ఆయన జీపెక్కాడు.

పునాదులు తవ్వడం మొదలయ్యాక, అరవం చదువుకున్నదాన్నని మామ నన్ను వెంటబెట్టుకుని రైల్లో తిరువళ్ళూరు వెళ్లాడు. ఈసారి నేనే మాట్లాడాను. పావు సంగతంతా చెప్పి, ఒక్కసారి తెల్లవారుజామున వచ్చి చూడండి సార్ అన్నాను. ఆఫీసరు చివరిదాకా విన్నాడు. విని మెల్లగా అన్నాడు: "రోడ్డు అందరిదమ్మా. దాని మీద పని చేసుకోవడానికి మీకు అనుమతి ఉందా? నేను ఆ వేళకు వచ్చి చూస్తే, రోడ్డు ఆక్రమించుకున్నారని రాయాల్సి వస్తుంది. నేను చూడకపోవడమే మీకు మంచిది."

కసిరినా బాగుండేది. జాలిగా అన్నాడు. తాతల నాటి నుంచి మేము చేస్తున్నది తప్పని మామకు ఆ గదిలోనే తెలిసింది. లేచి ఆయనకు నమస్కారం పెట్టాడు. తిరుగు రైల్లో మామ పక్కన కూర్చోవడం నాకు కష్టమైంది.

కట్టడం లేచింది. అంతస్తు పెరిగినప్పుడల్లా నీడ వీధిలో మరికొంత లోపలికి వచ్చింది. చివరికి మా గడప కూడా దాటింది. ఒకనాడు మామూలుగానే పావు చాచి, గంజి పెట్టి, ఎండ కోసం నిలబడ్డాం. గంజి జిగటగా అలాగే ఉంది. సూర్యుడు కట్టడం మీదికి ఎక్కేసరికి, లాడ్జికి వచ్చిన భక్తుల వ్యాను మా ముందు నిలబడి హారన్ కొడుతోంది.

"రవ్వంతసేపు ఆగన్నా, ఆరిపోతాది" అని మామ డ్రైవరును బతిమాలాడు. పాపం, అతను ఆగాడు. అతని వెనక ఇంకో బండి వచ్చింది, దాని వెనక మరొకటి. పావును పచ్చిగానే చుట్టి ఇంట్లోకి మోసుకొచ్చాం.

మగ్గం ఎక్కించాక చూస్తే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మా ఆయన అడ్డపోగు నడిపే నాడె విసిరినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తెగేవి. మామ పక్కనే కూర్చుని ముళ్లు వేస్తున్నాడు. ఒకటి వేసేలోగా ఇంకోటి తెగుతోంది. నేను చూస్తున్నానని గమనించి, "వాన పడిందనుకోమ్మా. వాననాడు మాత్రం పావు చాస్తామా?" అన్నాడు.

"వానైతే వెలుస్తాది గదా మామా" అన్నాను.

మామ వేళ్లను నాలుకతో తడి చేసుకుని, తెగిన పోగు రెండో కొసను వెతుక్కుంటున్నాడు.