షుకూర్ భాయ్ బొటనవేలు, సుమేరా గురి

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ జాతరలో తుపాకీతో బెలూన్లు కాల్చే దుకాణం కనిపించినా అది షుకూర్ భాయ్‌దే. బెలూన్లు ఊదేది మాత్రం నేను. ఇంటర్ సగంలో వదిలేశాక మిగిలిన నా ఊపిరంతా అక్కడే ఖర్చయింది. మణుగూరులో నేను ఊదిన ఎర్ర బెలూను ఒకటి చెయ్యి జారి, గోదావరి దాటి, చర్లలో దిగింది. అనుమానం ఉన్నవాళ్లు చర్ల వెళ్లి అడగవచ్చు. ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్లు మాత్రం నమ్మేయడమే సుఖమంటారు.

మా దుకాణం తుపాకీకి ఒక ధర్మం ఉంది, అది తిన్నగా కాల్చకూడదు. రోజూ పొద్దున షుకూర్ భాయ్ దాన్ని నూనెగుడ్డతో తుడిచి, గొట్టం చివర గురి చూసే మొనను బొటనవేలితో కాస్త పక్కకు నెట్టేవాడు. ఇక బెలూను మీద ఎంత గురి పెట్టినా గుండు దాని కుడిపక్కన తెరకు తగిలేది. గిరాకీ తన చేతినే తిట్టుకుని మళ్లీ కాల్చేవాడు.

షుకూర్ భాయ్ కూతురు సుమేరా పాలపళ్ల వయసు నుంచి ఆ తుపాకీతోనే పెరిగింది. ఎడమపక్క ఖాళీ జాగాకు గురి పెట్టి, కుడిపక్క బెలూను పేల్చేది. ఒకసారి ఆమె గుండు బెలూను దాటి పక్క బండి మీది మిర్చి బజ్జీలో దూరింది. ఆ బజ్జీ తిన్నవాణ్ణి నేనే. విరిగిన పన్ను ఇప్పటికీ సాక్ష్యం.

భద్రాచలం ముక్కోటి రద్దీలో ఆమె చెయ్యి చూసి, ఖమ్మం క్లబ్బు కోచ్ జయప్రకాశ్ సార్ పిస్టల్ నేర్పుతానని తీసుకెళ్లాడు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. క్లబ్బు పిస్టల్ తిన్ననిది. సుమేరా చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఎడమకే పోయేది. గుండ్లన్నీ టార్గెట్ కాగితం మీద నల్లటి గుండ్రానికి ఎడమపక్కన గుంపు కట్టేవి. గుంపు ఎంత చిన్నదంటే ఒక పావలా బిళ్ల కింద దాచేయొచ్చు. కానీ మార్కులు గుంపుకు ఇవ్వరు. పిస్టల్ మీద గురిని సర్దే మర తిప్పితే సరిపోతుంది కదా అని నేను సలహా ఇస్తే, దిద్దుకోవాల్సింది చేతినిగాని పిస్టల్‌ను కాదని సార్ నన్ను బయటికి పంపాడు. రాష్ట్ర పోటీకి ఈసారి ఎంపిక కాకపోతే ఆ పిస్టల్ ఇంకొకరికి ఇస్తానని సుమేరాకు చెప్పేశాడు. అంటే ఆమె మళ్లీ బెలూన్ల దగ్గరికి రావడమే. నాకు తోడు దొరుకుతుందని లోపల సంతోషించాను, పైకి మాత్రం ఓదార్చాను.

ఎంపిక రోజు షుకూర్ భాయ్ కూడా హాలుకు వచ్చాడు. కూతురి ముఖం చూడలేక, చేతులకు పని లేక, పిస్టల్ అందుకుని శుభ్రంగా తుడిచి ఇచ్చాడు.

అసలు పోటీకి ముందు లెక్కలోకి రాని గుండ్లు కొన్ని కాల్చుకోనిస్తారు. సుమేరా మొదటి గుండు నల్లటి గుండ్రం నడిమధ్యన పడింది. రెండోదీ అక్కడే. సార్ ముఖం వెలిగిపోయింది, చెయ్యి దారికొచ్చిందని పక్కవాళ్లకు చెప్పుకున్నాడు. సుమేరా మాత్రం పిస్టల్ కింద పెట్టి, మంచినీళ్ల వంకతో మా దగ్గరికి వచ్చింది.

"అబ్బాజాన్, దీని మర గిట్ల ముట్టినవా?"

షుకూర్ భాయ్ తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"తుడిసినంక నా యేలు ఊకుంటదా బేటీ? అలవాటు. జర ఆగు, సారుకు చెప్పి సక్కగ చేయిస్త."

"చెప్పకు. గట్లనే ఉండనియ్," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తర్వాత సంగతి నేను చెబితే కోతలంటారు గనుక తగ్గించే చెబుతాను. కాగితం మధ్యలో ఒకే కన్నం పడింది. మిగతా గుండ్లు ఆ కన్నంలోంచే వరుస కట్టి పోయాయి. లెక్క చూసేవాళ్లు కాగితం వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టి, చివరికి సుమేరా పేరు రాసుకున్నారు.

జయప్రకాశ్ సార్ పొంగిపోయి, చేతిని దిద్దుకోవడమంటే ఏమిటో పిల్లలందరికీ చూపిస్తానని అదే పిస్టల్ అందుకున్నాడు. నిలబడ్డ తీరు బొమ్మలా ఉంది. గుండు నల్లటి గుండ్రం వదిలేసి కుడి అంచుకు తగిలింది. మళ్లీ కాల్చాడు. ఈసారి కాగితానికే తగల్లేదు. పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, షుకూర్ భాయ్ పక్కకు చేరి, జాతరలో ప్రతి గిరాకీతో అనే మాటే ఎంతో మర్యాదగా అన్నాడు.

"చెయ్యి జర వణికింది సారూ. ఇంకొక్కసారి కొట్టుండ్రి."