అడిగితే బతకని తీగ

చరిత్రలో కొన్ని ఉదయాలు శాసనాలకెక్కాయి, కొన్ని ఎక్కలేదు. ఎక్కనివాటిలో ముఖ్యమైనవి, హైదరాబాదు చిలుకానగర్‌లో జనార్ధనరావు పళ్లు తోముకుంటూ గేటు దాకా నడిచి మనీప్లాంటు తీగ కొసలు పరీక్షించిన ఉదయాలు. ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య ఉన్న ఆ గల్లీలో ఈ తనిఖీ ఏళ్ల తరబడి నిరాటంకంగా సాగింది. వానలు ఆపలేదు, బందులు ఆపలేదు. కొస తెగి కనిపించిన రోజున ఆయన మొహం వెలిగేది. తన గేటు దాకా ఒక మనిషి వచ్చి వెళ్లినట్టు లెక్క.

మనీప్లాంటు కొనకూడదు, అడగకూడదు, ఎవరింటి నుంచైనా దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని గల్లీ అంతా నమ్మకం. ఆయనకు అది తెలుసు. అయినా తీగను గోడ దాటించి వీధిలోకి వేలాడదీశాడు. ఎప్పటికైనా ఎవరో ఒకరు మొహమాటపడి, తలుపు తట్టి, "సారూ, ఒక ముక్క తీసుకోవచ్చా" అనకపోతారా, లోపలికొచ్చి కూచోకపోతారా అని ఆశ. తీగ తెగుతూనే ఉంది. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు.

ఆయనది తెనాలి వైపు. నాచారంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. పెళ్లి కాలేదు. కారణాలు వెతికితే పెద్దవేమీ దొరకవు. ముందు చెల్లెళ్ల పెళ్లిళ్లన్నాడు, తరవాత ఎంఫిల్ అన్నాడు, ఆ తరవాత అడిగేవాళ్లే అడగడం మానేశారు. అలాంటి మనిషి మీద ఏటా పునరుత్పత్తి పాఠం చెప్పే భారం పడింది. దాన్ని ఆయన హరికథ చెప్పినంత నిష్ఠగా చెప్పేవాడు.

"మొదట్లో జీవానికి జోడీ అక్కర్లేదర్రా. ఒక కణం రెండయ్యేది, రెండు నాలుగయ్యేవి. వెతుక్కోవడం లేదు, ఎదురుచూడ్డం లేదు. కానీ అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకదాన్ని చంపడం తెలిసిన తెగులుకి అన్నిటినీ చంపడం తెలిసినట్టే. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట కొన్ని జీవులు కలిసి కనడం మొదలెట్టాయి. మహా ఖర్చు. పువ్వు, తేనె, వాసన, ఇవన్నీ ఆ ఖర్చే. అయితే పుట్టేవి ఏ రెండూ ఒకలా ఉండవు. తెగులొచ్చి కొన్ని పోయినా కొన్ని మిగిలేవి. అలా మిగిలినవాటి సంతానమే మనం."

రాష్ట్రం విడిపోవాలా, కలిసుండాలా అని ఊరూరా వాదులాడుకుంటున్న 2011వ సంవత్సరం అది. ఆఖరి బెంచీలో పద్మశ్రీ అనే అమ్మాయి లేచింది.

"అంటే సార్, విడిపోవుడు సులువు, కలిసుండుడే ఖర్చు. గంతేనా?"

క్లాసంతా నవ్వింది. వాళ్లు ఆంధ్రా సారని పిలుచుకునే ఆ మనిషి, చెప్పింది తన పాఠమే కనుక, కాదనలేకపోయాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చి కాలేజీ మూతపడింది. మాట్లాడ్డానికి క్లాసు కూడా లేని జనార్ధనరావుకు పగలు ఎంత పొడుగుంటుందో అప్పుడు తెలిసింది. పాఠాన్ని రెండుసార్లు వంటింట్లో చెప్పుకున్నాడు. సందేహాలేవీ రాలేదు.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర అలికిడైంది. కిటికీలోంచి చూస్తే, నాచారం ఫ్యాక్టరీ నుంచి సగం పూటకే వచ్చేసినట్టుంది, భుజాన టిఫిన్ సంచితో ఒక నడివయసు ఆమె తీగను గోటితో గిల్లుతోంది. ఆయన పొయ్యి మీది టీలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి, కత్తెర పట్టుకుని బయటికి వచ్చాడు. కణుపు చూసి మంచి ముక్క కత్తిరించి, తడిపిన పేపర్లో చుట్టి, రెండు చేతులా అందించాడు.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "గట్లెందుకిస్తున్రు సారూ. ఇస్తే బతకది."

"బతుకుతుందమ్మా. కణుపుంటే చాలు. ఇది పుయ్యగా నేనెప్పుడూ చూళ్లేదు. ముక్కలోంచి ముక్క, అంతే దాని సంసారం."

"నా దగ్గర రెండుసార్లు సచ్చింది. రెండూ గీడివే."

"నీళ్లెక్కువ పోసుంటారు. లోపలికి రండి, టీ అవుతోంది. ఎలా పెంచాలో చెబుతాను. మీ పేరేంటమ్మా?"

ఆమె ఆలోచించింది. తలుపు వైపు కూడా ఒకసారి చూసింది.

"ఒద్దు సారూ. పేరు జెప్పి చాయ్ దాగితే తెలిసినోళ్లమైతం. తెలిసినోళ్లింట్ల తెంపుకుంటే దొంగతనమెట్లైతది? మీరిచ్చినట్టే. మల్ల నేను ఇంకో ఇల్లు సూస్కోవాలె. గీ గల్లీల మీ తీగనే మస్తుగున్నది."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"జర అటు దిరుగున్రి."

లైంగిక, అలైంగిక పునరుత్పత్తుల మీద ఇరవయ్యేళ్ల పాండిత్యం ఉన్న ఆ మనిషి ఇంటి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనకాల తీగ తెగిన చప్పుడు, తరవాత చెప్పుల చప్పుడు. మర్యాదగా ఉంటుందని ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైంది. ఆమె మళ్లీ రాలేదంటే ముక్క బతికిందనుకోవాలి. లేదా అదీ చచ్చి, ఆమె ఇంకో ఇల్లు చూసుకుందనుకోవాలి. ఈ సందేహం ఆయన్ని కొన్నాళ్లు తినేసింది. పేరూ వద్దు, టీ వద్దు, నీళ్లు తగ్గించమని ఒక్క మాట చెప్పి వచ్చేద్దామని, ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని గల్లీలోకి నడిచాడు. ఆమె ఇల్లు పోల్చుకోవడం కష్టమనిపించలేదు. కిటికీలో మనీప్లాంటు చూసుకుంటే సరి.

గల్లీ ఆ చివరిదాకా వెళ్లాడు. ప్రతి కిటికీలోనూ ఉంది.